వెనుక నిలుచువాఁడు

ప్రతి సంవత్సరము మన పాఠశాలలో క్రీడాబహుమతులు పంచిపెట్టు దినమున ఒక సంగతి నాకు వింతగాఁ దోఁచుచుండును. ఫుట్‌బాలు పందెములలో అందఱికంటె ఎక్కువ గోలులు కొట్టిన బాలునకు ఒక కప్పు కలదు. తుది యాటలో గెలుపు గోలు కొట్టినవానికి వేఱొక పతకము కలదు. ఆతఁడు వేదిక నెక్కినపుడు చప్పట్లు కొండను దాఁకి మరల మనకు వినవచ్చును. కాని తన గోలు ముందు నిలిచి, ప్రతిపక్షమువారి బంతులను ఆట ముగియువఱకు మరలఁగొట్టిన బాలునకు ఏ బహుమతియు లేదు. ఈ పద్ధతి మార్పవలెనని నా యభిప్రాయము. మన ఫుట్‌బాలు బహుమతులలో మొదటిదియుఁ బెద్దదియు వెనుక నిలుచువానికే యీయవలెను. అందులోను, ఒక్క యాటలో మెఱసినవానికిఁ గాక, పెక్కేండ్లు ఆడి, ఎక్కడ నిలువుమన్న నక్కడ నిలిచినవానికి ఈయవలెను.

ఇది ఊరక పుట్టిన యాలోచన కాదు. ఇప్పుడు పదవ తరగతి చదువుచున్న ఒక బాలుఁడు గడచిన వేసవిలో ఆట మానినాఁడు. అంతకు ముందు నాలుగేండ్లు మన జట్టులో ఆడెను. మొదట హాఫ్‌బ్యాకుగా నుండెను. కుడివైపు ఫుల్‌బ్యాకునకు కాలు బెణికినపుడు ఆ స్థానమునకుఁ బోయెను. ఒక పర్యాయము గోలుకీపరునకు జ్వరము తగులఁగా, చేతితొడుగులు తగిలించుకొని కఱ్ఱల నడుమ నిలిచెను. “నేనేల?” అని యెన్నఁడును అడిగినవాఁడు కాఁడు. వాఁడు మానుటకుఁ గారణమేమని నేను తండ్రిగారి నడిగితిని. ఆయన చెప్పిన మాట ఆయన నుడిలోనే వ్రాయుచున్నాను: “నాలుగేండ్లు ఆడిండు సారూ, ఒక్క గిన్నన్న ఇంటికి తేలే. ఇగ సదువుకోనియ్యున్రి.” ఆయనయందు నాకుఁ దప్పు కనఁబడలేదు. గిన్నె లేకపోవుట వాని యాటలోని లోపము కాదనియు, మన బహుమతుల పట్టికలోని లోపమనియు ఆయనకెవరు చెప్పిరి?

వెనుకటి యాటగాని పని యెట్టిదో తల్లిదండ్రులలోఁ బెక్కుమందికిఁ దెలియదు; తెలియకుండుట సహజమే. చూచువారి కన్ను బంతి వెంటఁ బోవును. ముందువరుసవాఁడు తొమ్మిది పర్యాయములు గుఱి తప్పి పదవమాఱు గోలు కొట్టినచో వానిని భుజములమీఁద మోయుదురు. వెనుకవాఁడు తొమ్మిది గోలులు తప్పించి పదవదానిని విడిచినచో, ఇంటికిఁ బోవు త్రోవ పొడుగునను వాని పేరే వినవచ్చును. ఇంతియె కాదు. ముందువాఁడు బంతిని మాత్రము చూచినఁ జాలును. వెనుకవాఁడు బంతిని చూడవలెను, దానిని తెచ్చువానిని చూడవలెను, ఇంకొకఁడు ఎవరికిఁ గానరాక ప్రక్కనుండి దూఱుచున్నాఁడేమో చూడవలెను. తన వీఁపు వెనుక ఎంత చోటు ఖాళీగా నున్నదో తిరిగి చూడకయే యెఱుఁగవలెను. ఆటగాండ్రలోఁ బెక్కుమంది ఆతని కన్నుల యెదుట నుందురు. ఆతఁడు నోరు విప్పి, నీవు కుడికిఁ బొమ్ము, నీవు వెనుకకు రమ్మని చెప్పనిచో జట్టు చెదరిపోవును.

ఈ సంగతి మన నందికొండవారికి ఇతరులకంటె సులభముగా బోధపడవలసినది. కృష్ణకు వఱద వచ్చి ఆనకట్ట గేట్లు ఎత్తినారను వార్త పొక్కినంతనే హైదరాబాదు, నల్లగొండ, గుంటూరు దిక్కులనుండి బండ్లు బారులు కట్టి వచ్చును. ఇరువదియాఱు గేట్లలో ఎన్ని యెత్తినారని లెక్కించి, తుంపరలలో నిలిచి, ఫొటోలు తీసికొని పోవుదురు. గోడను చూచుటకుఁ బనిగట్టుకొని వచ్చినవారిని నేను చూడలేదు. 1955 డిసెంబరు 10వ తేదీని నెహ్రూ పండితుఁడు శంకుస్థాపన చేసినది మొదలు ఏండ్ల తరబడి వేలకొలఁది కూలీలు రాతిమీఁద రాయి పేర్చి యీ గోడను లేపిరి. ఆనకట్టల పనులకుఁ బేరుపడిన పాలమూరు కూలీల చేతులకు ఇట్టి గోడలు ఎన్నియో తెలియును. 1967 ఆగస్టు 4వ తేదీని ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు విడిచిరి. ఆ దినమును జనులు నేఁటికిని తలఁచుకొందురు. గేట్లు ఎత్తు దినములు ఏఁటికిఁ గొన్నియే. మిగిలిన దినములన్నియు గోడ నీటిని మోయుచునే యుండును. గేటు లేని గోడ వలన చిక్కులుండవచ్చును గాని, గోడ లేని గేటు వలన ప్రయోజనమేమి?

ఇప్పుడు ఫుట్‌బాలు సంగతికి వచ్చెదను. మన రాష్ట్రమున ఈ యాటకు ఒకప్పుడు ఎట్టి వైభవముండెనో మన బాలురకుఁ దెలియదు. క్రికెట్టు వీరుల పేర్లు వల్లించు వీరు, హైదరాబాదు నగర పోలీసుల జట్టు బొంబాయిలోని రోవర్సు కప్పును 1950 మొదలు 1954 వఱకు వరుసగా అయిదేండ్లు గెలిచినదని చెప్పినచో ముక్కుమీఁద వ్రేలు వేసికొందురు. ఆ జట్టును తీర్చిదిద్దినవారు సయ్యదు అబ్దుల్ రహీముగారు. 1909లో జన్మించిన ఈయన వృత్తిచేత బడిపంతులు. హైదరాబాదు నగరములో కాచిగూడ, చాదర్‌ఘాటు మొదలగుచోట్ల పాఠశాలలలో బోధించిరి. 1943లో హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకుఁ గార్యదర్శి యైరి. 1950 నుండి పోలీసు జట్టునకు గురువై, భారతదేశపు జట్టునకుఁ గూడ గురువై, 1951లో ఢిల్లీయందును 1962లో జకార్తాయందును ఆసియా క్రీడలలో బంగారు పతకములు తెప్పించిరి. 1956 మెల్బోర్ను ఒలింపిక్సులో భారతదేశము నాలుగవ స్థానము పొందినదియు ఈయన చేతిక్రిందనే. మన వృత్తివారొకరు ఇంతటి పని చేసిరని చెప్పుకొనుటకు ఉపాధ్యాయులకుఁ గొంత గర్వము కలుగుట తప్పు గాదనుకొందును.

రహీముగారి పద్ధతులలో రెండు మన బడికిఁ బనికివచ్చునవి. ఒకటి, బంతిని తన కాళ్లనే త్రిప్పుకొనుచుఁ బోవుటను నిషేధించి పెట్టిన పోటీలు. అందులో బంతి దొరికినవాఁడు వెంటనే వేఱొకని కందింపవలెను. తన నేర్పు చూపుటకు వీలు లేదు. రెండవది, వాడుక లేని కాలితో మాత్రమే ఆడవలసిన పోటీలు. కుడికాలి వాటమువాఁడు ఎడమకాలితోనే బంతిని తన్నవలెను. మొదటి దినమున ఈ యాట ఎంత హాస్యముగా నుండునో మన ఏడవ తరగతి బాలురచేత ఆడించి చూచినఁ దెలియును. నేను చూచితిని, నవ్వాపుకొనలేకపోతిని. కాని దాని లాభము మఱియెవరికంటెను వెనుకవానికి హెచ్చు. ముందువాఁడు తనకుఁ గావలసిన ప్రక్కకు బంతిని త్రిప్పుకొనఁగలఁడు. వెనుకవానికి ఆ స్వేచ్ఛ లేదు. శత్రువు ఏ ప్రక్కనుండి వచ్చిన ఆ ప్రక్క కాలితో తీయవలెను. రెండు కాళ్లును సమముగా నేర్చినవానిని కుడిప్రక్క నిలిపినను ఎడమప్రక్క నిలిపినను ఒక్కటే. పెక్కు స్థానములలో ఆడఁగల నేర్పు పుట్టుకతో వచ్చు వరము కాదనియు, సాయంకాలపు అభ్యాసమువలన వచ్చునదియే యనియు ఈ పోటీలు చూపుచున్నవి.

1962 జకార్తా కథ ప్రతి బాలుఁడును విని తీరవలసినది. భారతజట్టు మొదటి యాటలోనే దక్షిణ కొరియావారికి రెండు గోలులతో ఓడిపోయెను. తరువాత థాయిలాండువారిని, జపానువారిని గెలిచెను. కాని ఆ నడుమ మన వెనుకవరుసకు మూలస్తంభమైన పంజాబు వీరుఁడు జర్నైలు సింగునకుఁ దలకు గాయమై కుట్లు పడెను. అట్టి తలతో బంతి కెగిరి వెనుకవరుసలో ఆడుట అపాయము. వేఱొక గురువైనచో ఆతనిని పడుకఁబెట్టి యుండును. రహీముగారు ఆతనిని సెంటరు ఫార్వర్డుగా ముందు నిలిపిరి! కళాశాల దినములలో ఆతఁడు ఆ స్థానమున ఆడిన సంగతి ఆయన మఱవలేదు. దక్షిణ వియత్నాముతో జరిగిన యాటలో మనవారు మూఁడు గోలులు కొట్టి రెండు విడిచిరి. ఆ మూఁటిలో నొకటి జర్నైలు సింగుది. సెప్టెంబరు 4వ తేదీని కొరియావారితోనే తుది యాట జరిగెను. రాజకీయకారణములచే జకార్తా జనము మన జట్టుపై కోపముతో నుండిరి. లక్షమందికి దగ్గఱగా కూడిన ఆ మైదానమున మనవారికి జేకొట్టువారు అరుదు. పి. కె. బెనర్జీ ఒక గోలు కొట్టెను. రెండవది కట్టుకట్టిన తలతోనున్న జర్నైలు సింగు కొట్టెను. రెండింటి కొకటిగా భారతదేశము గెలిచెను.

జర్నైలు సింగు కొట్టిన గోలును మాత్రము చెప్పి ఈ కథను ముగించువారు కలరు. నాకు ముఖ్యముగాఁ గనఁబడునది వేఱు. ఆతఁడు ముందునకుఁ బోయినపుడు ఆతని స్థానమును ఎవరో నింపిరి గదా! ఒకఁడు జరిగినచో నలుగురు సర్దుకొనవలసి వచ్చును. అట్లు సర్దుకొనఁగల జట్టు గనుకనే గురువునకు ఆ సాహసము చేయ వీలయ్యెను. తుది యాటలో గోలు కాచినవారు హైదరాబాదున 1935లో జన్మించిన పీటరు తంగరాజుగారు. అంతకుముందు ఆయన జ్వరముతో బాధపడుచుండిరి. సైన్యములోఁ జేరిన క్రొత్తలో ఆయన సెంటరు ఫార్వర్డు. తరువాతనే గోలు కఱ్ఱల నడుమకు వచ్చి, 1958లో ఆసియా ఖండపు ఉత్తమ గోలుకీపరని పేరొందిరి. 1956, 1960 ఒలింపిక్సులు రెండింటను ఆడిరి. ముందునుండి వెనుకకు జరుగుట దిగజారుట యని మన బాలురు తలంచుచున్నారే, వారికి తంగరాజుగారి పేరు చెప్పవలెను. అదే బంగారు జట్టులోని హైదరాబాదు పోలీసు ఆటగాఁడు యూసుఫ్ ఖానుగారు మఱియొకరు. ఆయన హాఫ్‌బ్యాకుగాను ఆడుదురు, ముందువరుసలోను ఆడుదురు. ఏ స్థానము ఖాళీయైన ఆ స్థానమునకుఁ దగుదురు. 1960 రోము ఒలింపిక్సులో ఆడిరి, 1966లో అర్జున పురస్కారము పొందిరి, 2006లో మరణించిరి. ఇక రహీముగారు జకార్తా విజయమునాఁటికే వ్యాధిగ్రస్తులు. మరుసటి యేఁడు జూన్ 11వ తేదీని క్యాన్సరుచేఁ గాలధర్మము నొందిరి.

అయితే నా వాదమునకు ముఖ్యసాక్షి ఈ మువ్వురును గారు. హైదరాబాదున 1944లో జన్మించిన సయ్యదు నయీముద్దీనుగారు. ఆయన రక్షకవరుసవారు, పోలీసు జట్టులో పెరిగినవారు. 1960ల నడుమ కలకత్తాకుఁ బోయి, అచ్చటి మూఁడు పెద్ద సంఘములైన ఈస్టు బెంగాలు, మోహన్ బగాను, మహమ్మదన్ స్పోర్టింగుల పక్షమున, ఒకదాని తరువాత నొకదానియందు, ఆడిరి. కలకత్తా నెఱుఁగనివారికి ఇందులోని విశేషము తెలియదు. ఆ సంఘముల యభిమానులు ఒకరి నొకరు ఓర్వరు. ఈస్టు బెంగాలు గెలిచిననాఁడు పులస చేపవంటి ఇలీశు చేపకు బజారులో ధర పెరుగును. మోహన్ బగాను గెలిచిననాఁడు రొయ్యకుఁ బెరుగును అని నానుడి. అన్నదమ్ములే భోజనపు వేళ తగవులాడుకొందురఁట! అట్టిచోట ఒక తెలంగాణపు యువకుఁడు మూఁడు సంఘములవారికిని కావలసినవాఁడై, తన గోలును నమ్మి యప్పగింపఁదగినవాఁడని యనిపించుకొనుట సామాన్యము కాదు. గోలులు కొట్టువానిని ఒక యేఁడు ధనమిచ్చి తెచ్చుకొని మరుసటి యేఁడు పంపివేయుదురు. తలుపు తాళపుచెవిని మాత్రము నమ్మినవానికే యిత్తురు.

1970లో బ్యాంకాకు ఆసియా క్రీడలకు భారతజట్టునకు నాయకులు నయీముద్దీనుగారే. జపానువారిని ఒక గోలుతో గెలిచి మనవారు కంచు పతకము తెచ్చిరి. చదువరులు ఈ సంవత్సరమును గుర్తుంచుకొనఁ గోరెదను. ఏలయన, అది మొదలు 2023లో హాంగ్‌జౌ నగరమున జరిగిన క్రీడల వఱకు భారతదేశపు ఫుట్‌బాలు జట్టు ఆసియా క్రీడలలో మఱియొక పతకము తేలేదు. ఆ 1970లోనే ఆయనకు అర్జున పురస్కారము లభించెను.

ఇంతటితో ముగిసినచో అది మంచి యాటగాని చరిత్ర మాత్రమై యుండును. కాని ఆడుట మానిన పిదప ఆయన చేసిన పని ఆడిన కాలముకంటెఁ బెద్దది. తాను ఆడిన కలకత్తా సంఘములకే గురువై తిరిగి వచ్చిరి. 1990లో ద్రోణాచార్య పురస్కారము పొందిరి. శిష్యునకుఁ బెట్టిన పేరును గురువునకుఁ బెట్టిన పేరును రెండును ఒకే మనుష్యునకు దక్కినవి! 1997లో ఖాట్మండునందును, 2005లో కరాచీయందును దక్షిణాసియా పోటీలను భారతజట్టు గెలిచినపుడు గురువు ఆయనయే. అటు పిమ్మట బంగ్లాదేశము సైతము తన జట్టును ఆయన చేతికిచ్చెను. క్రమశిక్షణ విషయమున మిక్కిలి కఠినులని ఆయనకుఁ బేరు. వేళకు నిద్ర, వేళకు భోజనము, వేళకు మైదానము. ఇది ఆటగాండ్ర కందఱికి నచ్చియుండదు. మన విద్యార్థులకును నచ్చదు. 1960లలోఁ బోలీసు జట్టు బాలుఁడుగా మొదలై ఈ శతాబ్దములో రెండు దేశముల జట్లకు బోధించువఱకు లెక్కించినచో నలువది యేండ్లు దాఁటిన కృషి యది.

వెనుక నిలిచినవారు ఇట్లు దీర్ఘకాలము నిలుచుటయు, తరువాత గురువులగుటయు మన దేశమున మాత్రమే కాదు. ఉత్తరపు శీతలదేశములలో చెఱువులు గడ్డకట్టినపుడు ఆ మంచుమీఁద ఇనుపబద్దల పాదరక్షలతో జాఱుచు ఆడు హాకీ కలదు. మన హిల్ కాలనీలో మే నెల యెండకు మంచుగడ్డ అనఁగా రంగునీళ్లు పోసి అమ్ము ఐసు తప్ప వేఱొకటి తోఁచదు. అయినను మన దేశమునందే లడఖు బాలబాలికలు ఈ యాట నాడుచున్నారు. జట్టునకు మంచుమీఁద ఆఱుగురు. వారిలో ఇద్దఱు రక్షకులు. బాస్టను నగరపు జట్టులో డిట్ క్లాపరు అనునాతఁడు 1927 మొదలు 1947 వఱకు ఇరువది ఋతువులు ఆడెను. ఆ గొప్ప సంఘకూటమిలో అంతకాలము ఆడినవారిలో ఆతఁడే మొదటివాఁడు. సగము కాలము ముందువరుసలో కుడిప్రక్కను, మిగిలిన సగము రక్షకుఁడుగాను ఆడి, రెండు స్థానములలోను మేటి యని యెన్నుకొనఁబడెను. కడపట ఆడుచునే తన జట్టునకు గురువును అయ్యెను.

రెడ్ కెల్లీ అను కెనడా దేశీయుని కథ ఇంకను చిత్రము. డెట్రాయిటు నగరపు జట్టులో 1947 మొదలు రక్షకుఁడుగా ఆడెను. 1954లో ఉత్తమ రక్షకునకు ఒక బహుమానమును క్రొత్తగా నేర్పఱచినపుడు దానిని మొట్టమొదట పొందినవాఁడు ఇతఁడే. ఈ మాటను మన క్రీడాసంఘమువారు రెండు సారులు చదువఁ గోరెదను: ఆ దేశమువారికిని రక్షకునకుఁ బ్రత్యేకముగ బహుమానము కావలయునను బుద్ధి ఆలస్యముగనే పుట్టినది, పుట్టినది మాత్రము నిజము. 1960లో టొరంటోకు మాఱఁగానే అచ్చటి గురువు కెల్లీని నడిమి ముందుస్థానమున నిలిపెను. అప్పటికి ముప్పది రెండేండ్లవాఁడు. కాదనలేదు. డెట్రాయిటులో నాలుగు, టొరంటోలో నాలుగు, వెరసి యెనిమిది పర్యాయములు ఆ కూటమిలోని పెద్ద కప్పును గెలిచిన జట్లలో నుండెను. 1962 మొదలు 1965 వఱకు ఆడుచునే కెనడా పార్లమెంటులో సభ్యుఁడుగాఁ గూడ నుండెను. 1967లో ఆడుట మాని గురువయ్యెను. ఆటలో స్థానము మార్చినచో చిన్నతనమని యలుగు మన తొమ్మిదవ తరగతి వీరులకు ఇతని సంగతి తెలియుట మంచిది.

“ఇదంతయు సరియే, గోలులు లేక ఆట గెలుచుటెట్లు?” అని నా మిత్రులైన యొక యుపాధ్యాయులు ఆక్షేపించిరి. న్యాయమైన ప్రశ్న. 1956 మెల్బోర్నునే ఉత్తరముగాఁ జెప్పుదును. అచ్చట ఆస్ట్రేలియాను మనవారు 4–2 గోలులతో గెలిచినపుడు నెవిల్ డిసౌజా ఒక్కఁడే మూఁడు గోలులు కొట్టెను. ఆ ఒలింపిక్సులో అందఱికంటె ఎక్కువగా నాలుగేసి గోలులు కొట్టిన మువ్వురిలో ఆతఁ డొకఁడు. అయినను యుగోస్లావియాతో 1–4, బల్గేరియాతో 0–3 గోలులతో ఓడి మనము పతకము లేక తిరిగి వచ్చితిమి. మూఁడాటలలో మన గోలులోఁ బడిన బంతులు తొమ్మిది. ఎక్కువ గోలులు కొట్టినవాఁడు మన పక్షముననే యుండెను, పతకము మాత్రము పరుల పాలయ్యెను. ఇది వెనుకవారిని నిందించుట కాదు. ఎదిరి జట్లు అసమానములు, మన రక్షకులలో హైదరాబాదుకు గౌరవము తెచ్చిన అజీజుద్దీనుగారివంటివారుండిరి. ఆఱేండ్లకు జకార్తాలో రెండే గోలులతో బంగారము వచ్చినది. ఒకటి మించి విడువలేదు గనుక.

తల్లిదండ్రుల భయమును నేను చులకన చేయను. పదవ తరగతి పరీక్ష మీఁద బాలుని యింటిల్లిపాది యాశ యుండును. అయితే సాయంకాలము ముప్పావు గంట ఆట విడిచిన బాలుఁడు ఆ ముప్పావు గంటను పుస్తకమునకే యిచ్చుచున్నాఁడని యెవ్వరైనను ప్రమాణము చేయఁగలరా? ఫోను తెర వెలుఁగు ముఖముమీఁద పడుచుండ వరండాలో కూర్చున్నవారిని నేను చూచుచునే యున్నాను. ఆటలో ముందు నిలువఁదగినవారు కొందఱే. వారు పిలువకున్నను వత్తురు. వెనుక నిలిచి ఓపికతో ఆడఁదగినవారు పెక్కుమంది. వారికి ఆదరము లేక మానుచున్నారు. జట్టునకుఁ గలుగు నష్టము రెండవది. నాలుగేండ్లు చేసిన పనిని లోకము పనిగా నెంచదని పదునైదేండ్ల బాలుఁడు నేర్చుకొనుట మొదటి నష్టము.

కావున క్రీడాసంఘమువారికి నా మనవి యిది. కప్పులు, పతకములు ఉన్నవి యున్నట్లే యుండనీయుఁడు; ఎవరి పళ్లెములోనిదియుఁ దీయవలసిన పని లేదు. వానికిఁ బైన ఒక పెద్ద ఫలకము నేర్పఱచి, ప్రతి యేఁటను ఒక పేరు దానిపైఁ జెక్కింపవలెను. దానికి తగినవాఁడు మూఁడేండ్లకుఁ దక్కువ కాకుండ ఆడినవాఁడై యుండవలెను; కనీసము రెండు స్థానములలో ఆడియుండవలెను. నిర్ణయమునకు ఆధారముగా ఒక చిట్టా వ్రాయవలెను. ఏ యాటలో ఎవఁడు ఎచ్చట నిలిచెను, ఎవని స్థానమునకు ఎవఁడు జరిగెను, మన గోలులో నెన్ని పడినవి, ఇవి అందులో నుండవలెను. ఆటను చూచిన ఉపాధ్యాయుని మాటతోపాటు ఎదిరి జట్టు నాయకుని మాటను గూడ వ్రాయించుట మేలు. తనను ఎవఁడు అడ్డగించెనో వానికిఁ దెలిసినట్లు మనకుఁ దెలియదు. తగినవాఁడు లేని యేఁడు ఆ వరుసను ఖాళీగా విడువవలెను.

బాలికల జట్టునకును ఇదే నియమము, ఇదే కొలతగల ఫలకము ఉండవలెను. చిత్తూరు ప్రాంతపు ఎతిమర్పు రజని భారత మహిళా హాకీ జట్టునకు గోలుకీపరుగాఁ బెక్కేండ్లు సేవ చేసినది. గోలు కాచు పని బాలికలకుఁ గాదను మాట ఇఁక మన యావరణలో వినఁబడకుండుట మంచిది.

క్రీడాసంఘము బడి తెఱచిన తరువాత జూలై నెలలోఁ గూడును. నాతో నేకీభవింపనివారు అప్పటిలోగా తమ యాక్షేపణలను వ్రాసి పంపవచ్చును, పూర్వవిద్యార్థులును పంపవచ్చును. ఫలకమును వెండితోఁ జేయింపవలెనా, ఇత్తడితోఁ జేయింపవలెనా యను తర్కముతోఁ గాలము గడపవలదు. మూఁడడుగుల టేకు పలక యొకటి మా యింట నున్నది. దాని నిచ్చుటకు నేను సిద్ధముగా నున్నాను.